గోడ మీద పిల్లి ఓటు వేసే పద్ధతి

మా బావమరిది నన్ను గోడ మీద పిల్లి అంటాడు. వాడుండేది హిందూపురంలో. పార్టీ వాడికి ఇంటిపేరుతో పాటే వచ్చింది. నేను పద్దెనిమిదేళ్ళుగా బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఉంటున్నాను. ఏ జెండా మోయలేదు. ఒకసారి ఒకరికి వేశాను, ఇంకోసారి ఇంకొకరికి వేశాను. పండక్కి ఊరెళ్ళినప్పుడల్లా "ఈసారి ఏ పక్కకు దూకుతావు బావా?" అని అడుగుతాడు. దూకే ముందు కింద ఏముందో చూసుకునేది పిల్లే కదరా అని నేనంటాను.

ఇక్కడ నాలాంటి పిల్లులు చాలానే ఉన్నాయి. 2023 మే నెలలో కర్ణాటక ఓటర్లు అసెంబ్లీలో 224కి 135 సీట్లు కాంగ్రెస్‌కు ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే లోక్‌సభకు వచ్చేసరికి 28లో 19 సీట్లు బీజేపీ, జేడీఎస్ కూటమికి ఇచ్చారు. 1985 తర్వాత ఈ రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీ మళ్ళీ గెలిచి రాలేదు. ఇంకో ముచ్చట: 2023లో జయనగర సీటు 16 ఓట్ల తేడాతో తేలింది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తు వాళ్ళు ఆ రోజు అక్కడ ఉండి ఉంటే ఫలితం అటూ ఇటూ అయ్యేది.

పన్నులు, పథకాలు, విలువలు... ఈ మూడూ మీ బుర్రలో కలగాపులగంగా తిరుగుతుంటే, పోలింగ్‌కు రెండు నెలల ముందు ఇలా కూర్చోండి. కావలసినవి ఒక నోట్‌బుక్, ఏడాది కరెంటు బిల్లులు, రెండు ఆదివారాలు. టీవీ కట్టేయాలి.

ముందు మీ ఓటు ఎక్కడుందో తేల్చుకోండి

తెలుగువాళ్ళకు ఇదే పెద్ద చిక్కు. ఉద్యోగం ఇక్కడ, ఓటు ఊళ్ళో. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న జరిగింది, ఆంధ్రలో, తెలంగాణలో మే 13న. మడివాళ నుంచి, ఆనందరావు సర్కిల్ నుంచి బయల్దేరే బస్సుల్లో ఆ వారాంతం సీటు దొరకలేదు. రెండు చోట్లా వేసొచ్చానని గొప్పలు చెప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. అది గొప్ప కాదు, నేరం. చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క చోటే ఉండాలి, అదీ మామూలుగా నివాసం ఉండే చోట. ఊళ్ళో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు లెక్క కాదు.

నా సలహా ఇది. మీ పిల్లలు ఏ ఊరి బడికి వెళ్తున్నారో, మీ ఇంటి ముందు చెత్త ఏ ఊరి బండి ఎత్తుతోందో అక్కడ ఓటు పెట్టుకోండి. పదేళ్ళుగా ఇక్కడ ఉంటూ అక్కడ ఓటేస్తే, మీరు పడని ఇబ్బందికి మీరు తీర్పు చెబుతున్నట్టు. మా బావమరిది ఈ మాట ఒప్పుకోడు. ఊళ్ళో పొలం, అమ్మానాన్న, నీళ్ళ తగాదా అన్నీ ఉన్నాయిగా అంటాడు. అందులోనూ నిజం ఉంది. ఏదో ఒకటి తేల్చుకోండి, రెండూ మాత్రం వద్దు.

కొత్తగా చేరడానికి ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, సందేహాలుంటే 1950కి ఫోన్ చేయండి. నేను ఒకసారి రెండు వీధులు అవతలికి ఇల్లు మారి, ఏముందిలే అని ఊరుకున్నాను. పోలింగ్ రోజు వెళ్తే జాబితాలో మా ఆవిడ పేరుంది, నా పేరు లేదు. ఆ సాయంత్రం దాకా ఆమె వేలి మీది సిరా చుక్క నాకు చూపిస్తూనే ఉంది. నామినేషన్లు మొదలయ్యాక పరుగెత్తితే ఆ ఎన్నికకు అందకపోవచ్చు. అందుకే రెండు నెలల ముందు అన్నాను.

ఇది ఏ ఎన్నిక? ఆ పన్ను ఎవరిది?

అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి, లోక్‌సభ ఎన్నికలప్పుడు రోడ్డు గుంతల గురించి కొట్లాడుకునే ఊరు మనది. నోట్‌బుక్‌లో మూడు గీతలు గీసి పన్నులను విడగొట్టండి.

ఢిల్లీది: ఇన్‌కమ్ ట్యాక్స్. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. జీతగాళ్ళకైతే స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12.75 లక్షల దాకా. ఇందులో మంచైనా చెడైనా లోక్‌సభ ఖాతాలోకే పోవాలి.

విధానసౌధది, అంటే రాష్ట్ర ప్రభుత్వానిది: రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ, బండి మీద కట్టే లైఫ్ ట్యాక్స్, మద్యం మీద సుంకం, జీతంలో నెలకు 200 కోసే ప్రొఫెషనల్ ట్యాక్స్.

నగరానిది: ఇంటి పన్ను, చెత్త రుసుము. ఇక్కడే ఉంది అసలు తమాషా. బెంగళూరు నగర పాలక సంస్థ బీబీఎంపీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015లో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్పొరేటరు లేకుండానే పన్ను కట్టాం. 2025 సెప్టెంబరు 2న గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చి, నగరం ఐదు కార్పొరేషన్లయింది. కాలువ పూడితే ఎమ్మెల్యేని తిట్టడం అలవాటైపోయింది గానీ, ఆ తిట్లలో సగం ఆ ఖాళీ కుర్చీకి చెందాలి.

కలగలుపువి: పెట్రోలు మీద కేంద్రం, రాష్ట్రం ఇద్దరూ వేస్తారు. జీఎస్టీని కౌన్సిల్ తేలుస్తుంది. అందులో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే ఏ ఒక్కరూ "నాకేం సంబంధం" అనలేరు. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైనప్పుడు మీరు వాళ్ళని అడగండి, వీళ్ళని అడగండి అని రెండు ప్రభుత్వాలూ ఒకరినొకరు చూపించుకున్నాయి. ఆ సంస్థలో ఇద్దరికీ సమాన వాటా ఉంది. ఇలాంటివాటికి ఇద్దరికీ చెరి సగం మార్కులు కోయండి. అంతకన్నా బుర్ర పాడు చేసుకోవద్దు.

మీ ఇంటి లెక్క రాయండి

ఇది నిజాయితీగా రాయాలి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో "ఉచితాలతో రాష్ట్రం దివాలా" అని మాట్లాడే మనిషే ఇంటికెళ్ళి సున్నా కరెంటు బిల్లు చూసి మురిసిపోతాడు. నేనూ ఆ లిఫ్టులో ఎక్కేవాణ్ణే.

మా ఇంటి లెక్క చూపిస్తాను. గృహజ్యోతి అనే రాష్ట్ర ఉచిత కరెంటు పథకంలో నెలకు 200 యూనిట్లు ఉచితం అంటారు గానీ, అది అందరికీ 200 కాదు. 2022-23లో మీ నెలసరి వాడకం ఎంతో దానికి పది శాతం కలిపి, అంతవరకే ఉచితం. మాది 140. అంటే మా హద్దు 154. దాన్ని దాటి 200 లోపు వాడితే దాటినదానికి కడతాం. 200 దాటితే మొత్తం బిల్లూ మనదే. మామూలు నెలల్లో మాకు దాదాపు వెయ్యి రూపాయలు మిగిలింది. మే నెలలో మా అబ్బాయి రాత్రింబగళ్ళు కూలర్ వేసి 207 చేశాడు. ఆ ఏడు యూనిట్లకు మొత్తం బిల్లు కట్టాం. అప్పటినుంచి వేసవిలో మీటరు చదివే డ్యూటీ వాడిదే.

ఇంటి ఆడమనిషి పేరు మీద నెలనెలా వేసే గృహలక్ష్మి రెండు వేలు మాకు రావు. భార్యాభర్తల్లో ఎవరు ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినా అర్హత లేదు. శక్తి పథకంలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు 2023 జూన్ 11న మొదలైంది. మొదటి వారం మా ఆవిడ ఉత్సాహంగా టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సెక్కి ఆధార్ చూపించింది. కండక్టర్ కార్డు తిప్పి చూసి, "ఆంధ్ర అడ్రెస్ మేడమ్, టికెట్ తగోబేకు" అన్నాడు, టికెట్ తీసుకోవాల్సిందేనని. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉద్యోగం చేసి, ఇక్కడే పన్ను కట్టే మనిషి. పక్క సీట్లో మొన్ననే ఇక్కడి అడ్రెస్‌కు మార్చుకున్న అమ్మాయికి సున్నా టికెట్. ఆ రాత్రే ఆమె ఆధార్ అడ్రెస్ మార్చడానికి పెట్టాం. ఇప్పుడు రోజుకు రానూ పోనూ యాభై చొప్పున నెలకు 1,200 దాకా మిగులుతోంది, ఏసీ వజ్ర ఎక్కనంత వరకు.

ఇక పోయేవి. 2024 జూన్‌లో రాష్ట్రం అమ్మకం పన్ను పెంచడంతో పెట్రోలు లీటరుకు మూడు రూపాయలు పెరిగింది. నెలకు 25 లీటర్లకు 75. 2025 ఏప్రిల్‌లో నందిని పాలు లీటరుకు నాలుగు పెరిగాయి. రోజుకు లీటరున్నరకు నెలకు 180. ఇది పన్ను కాదు, రైతుకు పోతుందన్నారు. అయినా జేబులోంచి పోయేదే కాబట్టి రాశాను. 2025 జనవరిలో బస్సు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. ఆమెకు సున్నా, నాకు 15 శాతం. మా ఇంట్లో ఇదో జోకు.

మొత్తానికి నెలకు రెండు వేలకు కాస్త తక్కువగా మాకు లాభమే. అంతటితో నోట్‌బుక్ మూసేశారంటే మోసపోతారు. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతం అయింది. ఆ తర్వాత మా మిత్రుడొకడు 60 లక్షల ఫ్లాట్ కొన్నాడు. ఒకేసారి 60 వేలు అదనం. నా లాభం లెక్కన అది ముప్పై నెలల పైమాటే. కాబట్టి నెల లెక్కతో ఆగకండి. వచ్చే ఐదేళ్ళలో ఇల్లు కొంటారా, బండి మారుస్తారా, అవీ వేయండి.

ఇంకో వరుస కూడా గీయండి, అంకెల్లోకి రానివాటికి. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు వెళ్ళారు. 2024 ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్ కోసం మా సొసైటీ గ్రూపులో తెల్లారుజామున ఐదింటికి గొడవలు జరిగాయి. ఒకటి ఒక ప్రభుత్వంలో, రెండోది ఇంకో ప్రభుత్వంలో. వీటికి రూపాయి విలువ కట్టక్కర్లేదు, జరిగిన తేదీ రాస్తే చాలు.

పక్కనే ఇంకో ఇంటి లెక్క

మన లెక్క ఒక్కటే చూసుకుని పథకాల మీద తీర్పు చెప్పకూడదు. మా ఇంట్లో పనికి వచ్చే ఆమెది పావగడ దగ్గర పల్లె. తుమకూరు జిల్లానే అయినా ఆ పక్క ఇంట్లో మాట తెలుగే. రేషన్ కార్డు, ఓటు అన్నీ అక్కడే. గృహలక్ష్మి డబ్బుతో ఆమె చీటీ కడుతోంది. ఏం చేస్తావే ఆ డబ్బు అని మా ఆవిడ అడిగితే చెప్పింది: "ఆ రెండు వేలు నా పేరు మీద పడతాదక్కా. ఎవురికీ చెప్పే పని లేదు." కొన్ని నెలలు ఆలస్యంగా పడిందని తిట్టింది కూడా. ఇస్తామన్న అదనపు ఐదు కిలోల బియ్యం బదులు మొదట్లో తలకు 170 రూపాయలు వేశారు, తర్వాత బియ్యమే ఇచ్చారు. డబ్బే బాగుండేదని ఆమె, బియ్యమే మేలని వాళ్ళత్త.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. 2025-26 బడ్జెట్ నాలుగు లక్షల తొమ్మిది వేల కోట్లు. 2023లో కాంగ్రెస్ హామీ ఇచ్చిన ఐదు గ్యారంటీ పథకాలకు అందులో సుమారు 51 వేల కోట్లు, అంటే ఎనిమిదో వంతు. ఎనిమిది రూపాయల్లో ఒకటి ఇలా ఖర్చు పెట్టడం మీకు సబబుగా అనిపిస్తుందా, లేక ఆ రూపాయిలో కొంత కాలువలకూ బడులకూ పోవాలనిపిస్తుందా? ఇక్కడ సరైన జవాబు ఒకటే ఉందని నేననుకోను. అయితే ఆ రెండు వేలు ఆమె చేతిలో ఏమవుతున్నాయో తెలియకుండా "సోమరిపోతుల్ని చేస్తున్నారు" అనేవాళ్ళ మాటా, డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో అడగకుండా "ఇంకా ఇవ్వాలి" అనేవాళ్ళ మాటా నేను లెక్కలోకి తీసుకోను.

మేనిఫెస్టోలో అందరూ ఇచ్చేదాన్ని కొట్టేయండి

ఇది నాకు ఆలస్యంగా తట్టిన చిట్కా. 2023లో కాంగ్రెస్ ఐదు గ్యారంటీలు చెప్పింది. బీజేపీ పేదల ఇళ్ళకు ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, రోజుకు అర లీటరు నందిని పాలు ఇస్తామంది. ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న వచ్చింది. మీ దగ్గర పోటీ చేసేవాళ్ళందరూ ఒక పథకాన్ని కొనసాగిస్తామని అంటుంటే, దాని మీద పెన్నుతో గీత కొట్టేయండి. దాన్ని బట్టి మీరు ఎవరినీ ఎంచుకోలేరు. గీత పడకుండా మిగిలినవే మీ అసలు ప్రశ్నపత్రం. నాకు మామూలుగా నాలుగైదు మిగులుతాయి.

ఆ మిగిలినవాటి పక్కన డబ్బు ఎక్కడిది అని రాసి, మేనిఫెస్టోలో జవాబు వెతకండి. హామీలకు కావలసిన సొమ్ము ఎలా తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల సంఘం నియమావళిలోనే ఉంది. చాలాసార్లు ఆ జాగా ఖాళీగానే దొరుకుతుంది.

విలువల్ని రూపాయల్లో కలపకండి

విలువలకు వేరే పేజీ. "మతసామరస్యానికి 30 మార్కులు, రోడ్లకు 40" అని లెక్క వేసేవాళ్ళను చూశాను. అది కుదరదు. నెలకు రెండు వేలిస్తే మీ పక్కింటివాళ్ళను భయపెట్టడానికి ఒప్పుకుంటారా? ఒప్పుకోరు కదా. మరి దానికి మార్కులేమిటి? ఇది దాటితే వాళ్ళు ఎన్ని ఇచ్చినా వేయను అనుకునే మూడు వాక్యాలు రాయండి. మూడే. పది రాస్తే ఎవరికీ వేయలేరు.

రాశాక ఒక పరీక్ష పెట్టుకోండి. అదే పని మీకు నచ్చిన పార్టీ చేసినా, మీ సొంత రాష్ట్రం చేసినా అలాగే అంటారా? 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు మేనేజ్‌మెంట్ కొలువుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం ఇవ్వాలనే బిల్లుకు ఒప్పుకుని, గోల రేగడంతో పక్కన పెట్టింది. ఆ వారం మన తెలుగు గ్రూపుల్లో ఒకటే టెన్షన్. అన్యాయం అన్నారు, హైదరాబాద్ పోదాం అన్నారు. నేను పాత మెసేజ్‌లు వెతికి చూసుకున్నాను. 2019లో ఆంధ్ర ప్రభుత్వం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసినప్పుడు అదే గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టాం. నేను రెండు పెట్టాను. ఆ రోజు నా మూడు వాక్యాల్లో ఒకదాన్ని కొట్టేసి మళ్ళీ రాసుకున్నాను.

పన్నుల్లా కనబడే విలువల ప్రశ్న కూడా ఒకటుంది. కేంద్రం పంచే పన్నుల్లో కర్ణాటక వాటా 14వ ఆర్థిక సంఘం కాలంలో 4.713 శాతం, 15వ సంఘం వచ్చాక 3.647. దీని మీద 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, మంత్రులు ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. వాటా తేల్చేది ఆర్థిక సంఘం, మేం కాదు అని కేంద్రం అంది. ఆంధ్రకూ తెలంగాణకూ కూడా అప్పుడే తగ్గింది. ఉమ్మడి కుటుంబంలో సంపాదించే అన్న తమ్ముళ్ళకు ఎంత పెట్టాలి, ఎంత పెట్టాక "ఇక నా పిల్లల సంగతేంటి" అనొచ్చు? దీనికి అంకెలతో జవాబు రాదు. అందుకే విలువల పేజీలోకి మార్చాను.

ఆఖర్న మనిషిని చూడండి

అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్ ఎన్నికల సంఘం సైట్లో, యాప్‌లో దొరుకుతుంది. నలభై నిమిషాల పని. కేసులు ఎన్ని అన్నది మాత్రమే కాదు, ఏ సెక్షన్లో చూడండి. ధర్నా కేసూ, భూకబ్జా కేసూ ఒకటి కావు. పోయినసారి పోటీ చేసి ఉంటే పాత అఫిడవిట్ పక్కన పెట్టి ఆస్తి ఎంత పెరిగిందో చూడండి. ఐదేళ్ళ ఆదాయం కూడా అందులోనే ఉంటుంది, రెండూ పొంతన కుదరాలి. ఇవన్నీ వాళ్ళు ప్రమాణం చేసి చెప్పుకున్నవే అని గుర్తు పెట్టుకోండి.

పార్టీ మార్చాడా అన్నది నా సొంత కొలత. 2019లో 17 మంది ఎమ్మెల్యేల మీద అనర్హత వేటు పడింది, రాజీనామాలతో ప్రభుత్వమే పోయింది. మా కె.ఆర్.పురంలో ఆ డిసెంబరులో ఉప ఎన్నిక పెట్టారు. ఏడాదిన్నర కిందట ఒక గుర్తు మీద గెలిచిన ఆయనే ఇంకో గుర్తు మీద నిలబడి గెలిచారు. జనం ఒప్పుకున్నారు కాబట్టి తప్పేముంది అంటాడు మా బావమరిది. పిల్లి మీద జోకులేసే మనిషి.

ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది, 2013 నుంచి. అయితే నోటాకు ఎన్ని పడ్డా మిగిలినవాళ్ళలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. నేను ఒక్కసారి నొక్కాను, మళ్ళీ నొక్కలేదు.

పోలింగ్ ముందు, పోలింగ్ రోజు

ఆఖరి 48 గంటల్లో ప్రచారం ఆగుతుంది గానీ ఫోన్ ఆగదు. ఆ రెండు రోజుల్లో వచ్చే వీడియో ఏదీ నోట్‌బుక్‌లోకి ఎక్కించకండి. నిజమైతే అంతకు ముందే వచ్చి ఉండేది. కవర్లో డబ్బు తెస్తే సీ-విజిల్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయొచ్చు.

పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఓటరు కార్డు లేకపోయినా జాబితాలో పేరుంటే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి పనికొస్తాయి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. బటన్ నొక్కాక పక్కనున్న పెట్టె అద్దంలో ఏడు సెకన్లు స్లిప్పు కనిపిస్తుంది, అది చూసే కదలండి.

ఇంటికొచ్చాక, ఫలితాలు రాకముందే, ఎవరికి వేశారో ఎందుకు వేశారో మూడు ముక్కల్లో రాసి తేదీ వేయండి. ఫలితాలు వచ్చాక రాస్తే మన బుర్ర మనకే అబద్ధం చెబుతుంది. నా 2018 పేజీలో ఒక కారణం ఇలా ఉంది: "చెరువు బాగు చేస్తానన్నాడు." 2023లో ఓటేయడానికి వెళ్ళే ముందు ఆ చెరువు దాకా నడిచి వెళ్ళి, వచ్చి దాని కిందే రాశాను: "కంచె వేశారు. బోర్డు పెట్టారు. వాసన అదే."